మేడ మీద రొయ్యల మోటారు

హన్నా టీచరుకి లోకంలో మూడంటే పడదు. ఎక్కాలు రాకుండా ఫిజిక్సు చదివేద్దామనుకునే పిల్లలు, ప్రార్థనంతా కునికిపాట్లు పడి ఆమెన్ దగ్గర మాత్రం గట్టిగా అరిచే పెద్దలు, పక్కింటి ధర్మరాజు గారి కొబ్బరిచెట్టు. అరవై ఏడో ఏట ఈ జాబితాలో నాలుగోది వచ్చి చేరింది. అవి ఆవిడ సొంత మోకాళ్లు.

అమలాపురంలో ఎముకల డాక్టరు లక్ష్మీతులసి ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే. ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకేసి పట్టుకుని, "టీచర్, ఇకమీదట మెట్లు మర్చిపోండి" అంది.

"నువ్వు తొమ్మిదో తరగతిలో లోలకం పొడవు తప్పు రాశావు. నీ మాటేం నమ్మను" అంది హన్నా టీచరు.

నమ్మకపోయినా మోకాళ్లు నమ్మేశాయి. మేడకి పంతొమ్మిది మెట్లు. వారంపాటు ఆవిడ మెట్ల మీద చతికిలబడి, వెనక్కి ఒక్కో మెట్టూ జరుగుతూ పైకెక్కింది. ముప్ఫైనాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూలుని గజగజలాడించిన మనిషి అలా పాకుతుంటే వీధి చూడకూడదని చీకటిపడ్డాకే ఎక్కేది. ఎనిమిదో రోజు దిగడం కుదర్లేదు. పాలబ్బాయి వచ్చేదాకా పైనే కూర్చుంది.

ఇంతకీ పైనేముంది? ఒక గది. భుజమెత్తు గోడలు, పైన రేకు కప్పు, ఆ కప్పుకి గేటు చక్రాలు. తోస్తే పక్కకి జరిగి ఆకాశం కనబడుతుంది. ఇరవై రెండేళ్ల కిందట దాన్ని కట్టిన వెల్డింగు మేస్త్రీ "పావురాలకా అండీ?" అనడిగాడు. పొద్దుట్నుంచీ వాడి ప్రశ్నలకి విసిగిపోయి ఉన్న ఆవిడ "ఆఁ, పావురాలకే" అంది. అప్పట్నుంచీ వీధందరికీ అది టీచరు గారి పావురాల గూడు. ఇరవై రెండేళ్లలో ఒక్క పావురమూ బయటికి ఎగరకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు.

లోపల ఉన్నది టెలిస్కోపు. నీళ్ల బిందెంత లావు, మనిషి నడుమెత్తు పొడుగు. దాంతో ఆవిడ చూసేది ముఖ్యంగా ఒకే ఒక్క చుక్కని. తిమింగలం అనే చుక్కల గుంపులో ఎర్రటి చుక్క అది. పదకొండు నెలలకోసారి కంటికి బాగా కనబడేంత వెలుగుతుంది, మళ్లీ టెలిస్కోపుకి తప్ప దొరకనంతగా ఆరిపోతుంది. ఏసారి ఎంత వెలుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, చూసి రాసుకోవాల్సిందే. ప్రపంచంలో అలా చూసి రాసేవాళ్లు కొన్ని వందలమంది ఉన్నారు, వాళ్లలో హన్నా టీచరొకతె. ఆవిడ దగ్గర పదకొండు నోటుబుక్కులు నిండాయి. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి ఆ బుక్కులు చూపించేది, మళ్లీ అడిగేవాళ్లు కారు.

ఈ పిచ్చి వంశంలోనే ఉంది. ఆవిడ తాత పెద్దరైతుల కళ్లాల దగ్గర కావలి కాసేవాడు. గడియారం లేని మనిషి, గొల్లకావిడి చుక్కలు ఎక్కడున్నాయో చూసి టైము చెప్పేవాడు. ఆయన పరాయివాళ్ల కళ్లంలో నిలబడి చూసిన ఆకాశాన్నే ఈవిడ సొంత మేడ మీద నుంచి చూస్తోంది. ఈ తేడా చిన్నదేం కాదని ఆవిడకి తెలుసు. అందుకే మెట్లు మానమంటే అంత మంట.

పైగా ఈ ఏడాది ప్రత్యేకం. చుక్క వెలిగే సమయం ఏటా ఓ నెల ముందుకి జరుగుతూ ఉంటుంది. నాలుగేళ్లుగా ఎండాకాలంలో సూర్యుడి చాటున వెలిగి, ఎవరికీ దొరక్కుండా ఆరిపోయింది. ఈసారి ఫిబ్రవరి ఆఖరులో, సాయంత్రంపూట, అందరికీ కనబడేలా వెలగబోతోంది. అంటే అమలాపురంలో అందరికీ అని కాదు. కోనసీమలో నేల మీద నిలబడి తలెత్తితే ఆకాశంకంటే కొబ్బరిమట్టలే ఎక్కువ కనబడతాయి. చుక్క కావాలంటే మేడెక్కాలి. ఆ వెలుగు ఈసారి తప్పిపోతే మళ్లీ ఎన్ని చూస్తానో అని హన్నా టీచరు భయపడింది. బయటికి మాత్రం "కూర్చున్నచోట్నుంచే మేడని ఆడిస్తా" అని ప్రకటించింది.

ఇంటర్నెట్‌లో చదివింది. చలిదేశాల్లో కొందరు తమ టెలిస్కోపుల్ని వందల మైళ్ల అవతల్నుంచి నడిపిస్తారట. కప్పు దానంతటదే తెరుచుకుంటుంది, టెలిస్కోపు దానంతటదే తిరుగుతుంది, ఫొటో తీసి పంపుతుంది. వాళ్లు వాడే సామాన్ల జాబితా చూసి ఆవిడ నవ్వేసి బంగారయ్యకి ఫోన్ చేసింది.

బంగారయ్యది ఉప్పలగుప్తం దగ్గర సముద్రపుపేట. తాతలు వలలు వేశారు, తండ్రి పడవ నడిపాడు, ఇతను పదిహేనేళ్లుగా రొయ్యల చెరువులకి మోటార్లు బిగిస్తున్నాడు. రొయ్యకి గాలి కావాలి, గాలికి నీళ్లలో చక్రాలు తిరగాలి, చక్రాలకి మోటారు ఆడాలి. ఆ మోటార్లకి సిమ్ము వేసిన స్టార్టరు డబ్బాలుంటాయి. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే గట్టు మీద మోటారు లేస్తుంది. అతని కూతురు సత్యదుర్గ హన్నా టీచరు చేతిలో దెబ్బలు తిని టెన్తు గట్టెక్కింది కాబట్టి, అతనికి టీచరంటే భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

పైకెళ్లి చూసి దిగాడు. "ఆయ్, ఇంతేనా అండీ! నీళ్లలో మోటారాడించినోడికి మేడ మీద రేకెంతండీ!"

నాలుగు రోజుల్లో బిగించేశాడు. గేటు మోటారు, దానికి చెరువు గట్టు మీది స్టార్టరు డబ్బా. ఫోన్లో ఆన్ కొడితే కప్పు తెరుచుకుంటుంది, ఆఫ్ కొడితే మూసుకుంటుంది. ఏ పని చేసినా డబ్బా బుద్ధిగా "మోటార్ ఆన్", "మోటార్ ఆఫ్" అని మెసేజీ పంపుతుంది. దొంగల భయానికి చెరువుల దగ్గర పెట్టే కెమెరా ఒకటి గది మూల తగిలించాడు. టెలిస్కోపుని తిప్పే యంత్రం, దానికి తగిలించే కెమెరా మాత్రం టీచరే తెప్పించుకుని, రెండు వారాలు కింద టేబుల్ మీద పెట్టుకుని తిట్టుకుంటూ నేర్చుకుంది.

నవంబరు మొదట్లో ఒక సాయంత్రం ఆవిడ ముందుగదిలో కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఆన్ కొట్టింది. పైన గడగడమని రేకు కదిలింది. పది నిమిషాలకి కంప్యూటర్ మీద ఎర్రటి చుక్క వచ్చి కూర్చుంది. హన్నా టీచరు కళ్లు తుడుచుకుంది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి కాసేపు బాగానే ఏడ్చింది. తర్వాత లేచి రెండో టీ పెట్టుకుంది.

మూడు వారాలు అలా రాజభోగం నడిచింది. ఆ తర్వాత రాయవరంలో తమ్ముడి కూతురు జెస్సీ పెళ్లి వచ్చింది.

పెళ్లినాడు పొద్దుట్నుంచీ వాయుగుండం. గుడి నిండా తడి గొడుగులు. పాస్టరు గారు సంసారం అనే నావ గురించి ముప్పావుగంటగా చెబుతున్నారు, నావ ఇంకా ఒడ్డు వదల్లేదు. హన్నా టీచరు సంచిలో ఫోన్ జుయ్యిమంది. "మోటార్ ఆన్."

ఆవిడ ఏమీ నొక్కలేదు. గది మూల కెమెరా తెరిచి చూస్తే బూడిదరంగు ఆకాశం, టెలిస్కోపు అద్దం మీద చినుకులు. కప్పు బార్లా తెరిచి ఉంది. ఆఫ్ కొట్టింది, మూసుకుంది. అమ్మయ్య అనుకునేలోపు మళ్లీ "మోటార్ ఆన్". మళ్లీ ఆఫ్. నాలుగు నిమిషాలకి మళ్లీ ఆన్. ఇంటి దగ్గర వానకి కరెంటు పోతూ వస్తూ ఉంది, వచ్చినప్పుడల్లా కప్పు గేటుకాపలావాడిలా లేచి తలుపు తీస్తోంది.

సరిగ్గా అప్పుడే పాస్టరు గారు నావ దిగి, "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను" అన్నారు.

హన్నా టీచరు లేచి నిలబడింది.

గుడి మొత్తం ఇటు తిరిగింది. పెళ్లికొడుకు జీవన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. జెస్సీ ముసుగులోంచే "అత్తా!" అని కీచుమంది. "అభ్యంతరం కాదే, అర్జెంటు ఫోను. మీరు కానివ్వండి పాస్టరు గారూ" అని కుంటుకుంటూ ఆవిడ వరండాలోకి పోయింది. ఆ పెళ్లి వీడియోలో ఆ ముక్క ఇప్పటికీ ఉంది. బంధువులు దాన్ని అన్నం తింటూ చూస్తారు.

"బంగారయ్యా! కప్పు దానంతటదే తెరుచుకుంటోంది!"

"ఆయ్. కరెంటొచ్చినప్పుడాండీ?"

"అవును!"

"అయితే బాగానే పనిచేత్తందండీ."

"ఏవిటయ్యా బాగా పనిచేసేది? వాన కురుస్తోంది!"

"ఆటోలో పెట్టేనండీ. కరెంటు పోయొచ్చిందనుకోండి, మనిషి లేకపోయినా మోటారు దానంతటదే లేవాలి కదండీ. ఆగిపోయిందంటే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్దండీ."

"నా మేడ మీద రొయ్యలెక్కడున్నాయి బంగారయ్యా!"

అవతల గాలి హోరులో బంగారయ్య గొంతు తగ్గింది. "అది ఆలోచించలేదండీ" అన్నాడు.

అతన్ని అని లాభం లేదు. పదిహేనేళ్లుగా అతనికి తెలిసిన పాపం ఒక్కటే, మోటారు ఆగడం. ఆడుతున్న మోటారు వల్ల కొంప మునుగుతుందని అతని వృత్తిలో ఎవరూ చెప్పలేదు. ఆటో మీటని మాన్యువల్‌కి తిప్పితే సరిపోతుందట, కానీ ఫోన్లో అవ్వదట, చేత్తో తిప్పాలట. అతను చెరువు గట్టు మీద ఉన్నాడు, దారి పొడుగునా చెట్లు పడిపోయాయి.

ఇక మిగిలింది పక్కిల్లు.

తొమ్మిదేళ్ల కిందట, కొత్తగా రిటైరైన ఊపులో, హన్నా టీచరు గోడ మీంచి ధర్మరాజు గారిని ఓ మాట అడిగింది. పడమటివైపు కొబ్బరిచెట్టు ఏటా ఫిబ్రవరిలో తన చుక్కకి అడ్డమొస్తోంది, కొట్టించెయ్యకూడదా అని. కోనసీమలో కాపు మీదున్న కొబ్బరిచెట్టుని కొట్టమనడమంటే పెద్దకొడుకుని అమ్ముకోమనడమే. ధర్మరాజు గారు కొబ్బరి వ్యాపారి, అంటే ఆయనకి అలాంటి పెద్దకొడుకులు వేలమంది. ఆ రోజు నుంచీ మాటల్లేవు. ఆయన భార్య రాజ్యలక్ష్మి అయితే పన్నెండేళ్లుగా పక్కనే ఉంటూ ఒక్కసారీ ఈ గుమ్మం తొక్కలేదు. మొదటి మూడేళ్లూ చెట్టు గొడవ లేదు కదా అని ఎవరూ అడగలేదు. కారణం చెట్టే అనుకోవడం రెండిళ్లకీ సుఖంగా ఉండేది.

కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే గులాబీపువ్వు పెట్టే నంబరు రాజ్యలక్ష్మిదే. హన్నా టీచరు ఆ నంబరు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఫోన్లో ఇంకో "మోటార్ ఆన్" వచ్చింది. పరువు కంటే అద్దం ముఖ్యమనుకుని నొక్కింది.

"ఎవరండీ?"

"నేనండీ, హన్నాని. పక్కిల్లు."

"చెట్టు గురించేనా అండీ?"

"కాదండీ. మేడ మీద కప్పు గురించి."

"అయ్యయ్యో, పావురాలు తడిసిపోతన్నాయా అండీ?"

హన్నా టీచరు కళ్లు మూసుకుంది. "అవునండీ, తడిసిపోతున్నాయి. మేడగది తాళం క్రోటను కుండీ కింద..."

"తెలుసండీ. వీధందరికీ తెలుసు."

తర్వాత పావుగంట ఆవిడ మూల కెమెరాలో చూసింది. ముందు గొడుగొచ్చింది, గాలికి తిరగబడింది, తర్వాత రాజ్యలక్ష్మి వచ్చింది, చంకలో కొబ్బరి ఆరబోసే బరకం పట్టా. పావురాల కోసం నాలుగు మూలలూ వెతికింది. గది మధ్యలో ఉన్నదాన్ని చూసి దణ్ణం పెట్టబోయి మానేసింది. స్టార్టరు డబ్బా దగ్గరికి మాత్రం పుట్టింటికొచ్చినట్టు వచ్చింది. ఫోన్లో ఆవిడ గొంతు గట్టిగా వినబడింది.

"మా తోటలో బోరుకీ ఇదే డబ్బా అండీ. వానాకాలంలో ఆటోలో పెడతారేంటండీ బుద్ధున్నవాళ్లెవరైనా!" అంటూ మీట తిప్పి, ఎర్రబటను నొక్కింది. కప్పు మూసుకుంది, ఇంక తెరుచుకోలేదు.

"టీచరు గారండీ, బరకం కప్పేసేనండీ. ముందున్న అద్దం తడిసిపోతే పమిటచెంగుతో శుభ్రంగా తుడిచేసేను."

టెలిస్కోపు అద్దాన్ని గుడ్డతో తుడవడమంటే పసిపిల్లాడి మొహం పీచుతో తోమడమే. ఇరవై రెండేళ్లుగా హన్నా టీచరు దాని మీద ఊపిరి కూడా పడనివ్వలేదు. నాలిక చివరిదాకా వచ్చిన తిట్టుని మింగేసి, "చాలా థాంక్సండీ" అంది. అలా మింగింది జీవితంలో అదే మొదటిసారి.

జరీ అంచు గీత అద్దం మీద ఇప్పటికీ ఉంది. చూడడానికి అడ్డం రాదు. అడ్డమొచ్చింది వేరే. నీళ్లు దిగి, టెలిస్కోపుని తిప్పే యంత్రంలో సర్క్యూటు పలక కాలిపోయింది, కెమెరా చచ్చిపోయింది. బంగారయ్య రెండు కిలోల రొయ్యలు పట్టుకొచ్చి గుమ్మంలో తలొంచుకు నిలబడ్డాడు. కొత్త పలక పైదేశం నుంచి రావాలి, మార్చి దాకా రాదు. చుక్క వెలిగేది ఫిబ్రవరిలో. హన్నా టీచరు ఆ రొయ్యలు వండలేదు, అన్నమూ ముట్టలేదు. పన్నెండో నోటుబుక్కు ఖాళీగా ఉంటుందన్న సంగతి ఆవిడకి భరించరానిదిగా ఉంది.

మర్నాడు రాజ్యలక్ష్మి బరకం కోసం వచ్చింది. మెట్లు బయటివైపు ఉన్నాయి కాబట్టి గుమ్మం తొక్కే పని లేదు. దిగొచ్చి వాకిట్లో నిలబడింది.

"పావురాల్లేవేంటండీ పైన?"

హన్నా టీచరుకి ఓపిక లేక నిజం చెప్పేసింది. రాజ్యలక్ష్మి శ్రద్ధగా విని, "ఇరవయ్యేడు నక్షత్రాల్లో ఏదండీ అది?" అంది.

"వాటిలో లేదండీ."

"అయితే ఎవరి జాతకంలోనూ ఉండదు?"

"ఉండదు."

"మంచి చేసేదీ లేదు, చెడు చేసేదీ లేదు." రాజ్యలక్ష్మి మేడకేసి చూసింది. "అలాంటిదాన్ని ఇరవై రెండేళ్లు చూసేరా! మా ఆయన నన్నలా చూడలేదండీ." బరకం మడతపెట్టి చంకలో పెట్టుకుంది. "ఎనిమిదింటికి నాకు సీరియలుందండీ. ఏడున్నరకైతే ఎక్కి చూసి చెప్పగలను."

మొదటి వారం పరమ అధ్వానం. హన్నా టీచరు కింద వాకిట్లో కుర్చీలోంచి ఫోన్లో చెబుతుంది, పైన రాజ్యలక్ష్మి టెలిస్కోపుని చేత్తో తోస్తుంది. "దొరికిందండీ! ఎర్రగా ఉంది, ఆరి వెలుగుతోంది" అని ఓ రోజు సంబరపడింది. అది సెల్ టవరు. ఇంకోరోజు విమానాన్ని పట్టుకుని, పారిపోతోందని కంగారుపడింది. ఎనిమిదో రోజు చుక్క చిక్కింది. చుట్టూ ఉన్న చుక్కలతో పోల్చి, దేనికంటే ఎక్కువో దేనికంటే తక్కువో చెప్పాలి. చాలామందికి ఏళ్లు పట్టే విద్య అది. రాజ్యలక్ష్మి ముప్ఫయ్యేళ్లుగా కురిడీ కొబ్బరి రంగు చూసి రకాలు ఏరుతోంది. "పైదానికంటే పిసరు తక్కువండీ, కిందదానికంటే రెండు పిసర్లు ఎక్కువ" అనేసింది. హన్నా టీచరు నెలరోజులు అనుమానంగా గ్రాఫు కాయితం మీద గీత గీసి చూసింది. గీత నున్నగా వచ్చింది. తన శిష్యురాళ్లలో ఇంత కన్ను ఒక్కదానికీ లేదని ఆవిడకి కాస్త అసూయ కూడా కలిగింది.

రోజూ ఏడున్నరకి కింద నుంచి మిస్డ్ కాల్, పైన కప్పు తెరుచుకోవడం. బంగారయ్య ఓసారి వచ్చి చూసి, "మీకు మాంచి ఆటో దొరికిందండీ" అన్నాడు. టీచరు చూపుకి వెంటనే వెళ్లిపోయాడు. రాజ్యలక్ష్మి మాత్రం పైనుంచి దిగి అలాగే సీరియలుకి పోయేది. టీ తాగమంటే "పనుందండీ" అనేది. హన్నా టీచరు రెండుసార్లు అడిగి మానేసింది.

ఫిబ్రవరి ఇరవైకి చుక్క జోరుగా వెలుగుతోంది. టెలిస్కోపు అక్కర్లేదు, ఉత్తకంటికే కనబడుతోందని రాజ్యలక్ష్మి రోజూ పైనుంచి ఊరించేది. కింద హన్నా టీచరు అంకె రాసుకుని, తలెత్తి మట్టల్ని చూసేది. ఇరవై రెండో తారీకున పైనుంచి గొంతు మారింది.

"చుక్క లేదండీ."

"ఎందుకు లేదు? మబ్బా?"

"మా చెట్టండీ."

హన్నా టీచరుకి తొమ్మిదేళ్లుగా అనాలనుకున్నవన్నీ ఉన్నాయి, కానీ అనబుద్ధి కాలేదు. రాజ్యలక్ష్మి దిగొచ్చింది. వెళ్లిపోలేదు. వాకిట్లో టీచరు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, ఆ చెట్టుకేసి ఎంతోసేపు చూసింది. సీరియలు టైము దాటిపోయింది. తర్వాత లేచి, చెప్పులు విడిచి గుమ్మం దాటి లోపలికొచ్చింది. "గొంతారిపోయిందండీ. టీ పెడతారా?" అంది. గ్లాసు అడుగుదాకా తాగి, చక్కెర ఎక్కువైందని కూడా చెప్పింది.

మర్నాడు కొబ్బరి దింపు తీసేవాళ్లు వచ్చారు. కింద నిలబడి రాజ్యలక్ష్మి ఆజ్ఞలిస్తోంది. "అది కాదు, దాని పక్కమట్ట. ఆఁ, అదే." గోడవతల ధర్మరాజు గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "పెద్దకొడుకైతే మాత్రం క్షవరం చేయించమా అండీ?" అంది ఆవిడ ఆయనతో.

గుమ్మంలోంచి చూస్తున్న హన్నా టీచరుకి ఒళ్లు మండింది. కొట్టేవన్నీ తప్పుమట్టలే. టెలిస్కోపుకి అడ్డమొచ్చేవి ఇంకా పైన అలాగే ఉన్నాయి. "అవి కాదండీ, పైవి! పైవి!" అని అరిచింది.

"మీరూరుకోండి టీచరు గారండీ" అంది రాజ్యలక్ష్మి.

సాయంత్రం ఏడుంపావుకి హన్నా టీచరు ముందుగదిలో, ఖాళీ గడి ఉన్న నోటుబుక్కు ముందు పెట్టుకుని చిరాగ్గా కూర్చుని ఉంది. ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. రాజ్యలక్ష్మి నంబరు. మిస్డ్ కాల్ ఇవ్వాల్సింది తను, ఇదేంటి ఎదురు తిరిగిందని లేచి, గోడ పట్టుకుని వాకిట్లోకొచ్చింది. కుర్చీ రోజూ ఉండేచోటునుంచి మూరెడు జరిపి ఉంది. గోడవతల్నుంచి గొంతు వినబడింది. "కూర్చోండి. మెడ వెనక్కి వాల్చండి. ఇంకాస్త."

మట్టల మధ్య చేటంత సందు. ఆ సందులో, ఎర్రగా, నిబ్బరంగా, చుక్క.

నిన్న రాజ్యలక్ష్మి ఈ కుర్చీలో కూర్చుని చూసింది మేడ మీది టెలిస్కోపుకి ఏ మట్ట అడ్డమో కాదు, ఇక్కడ కూర్చునే మనిషికి ఏది అడ్డమో. హన్నా టీచరు చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, పావుగంటపాటు, చుక్క సందు దాటేదాకా అలాగే చూసింది.

"ఎంతండీ?" అంది గోడవతల గొంతు.

"పైదానికంటే పిసరు ఎక్కువ" అంది హన్నా టీచరు.

"నాకూ అంతే అనిపించిందండీ. రేపు నాలుగు నిమిషాలు ముందు వస్తుంది కదా, ఏడూ పదకొండుకి కొడతాను. ఫోను దగ్గర పెట్టుకోండి."

ఆ నెలాఖరుదాకా రోజూ, నాలుగేసి నిమిషాలు ముందుకి జరుగుతూ, మిస్డ్ కాల్ వచ్చేది. హన్నా టీచరు వాకిట్లోకి వచ్చి కూర్చునేది.